ఆవకాయ ఫ్రిజ్‌లో పాము గుడ్లు

మా వీధిలో ఈ వారం కౌన్సిల్ వాళ్ళు పెద్ద చెత్త పట్టుకెళ్ళే వారం. విరిగిన కుర్చీలు, పాత పరుపులు, పిల్లలు విసుగొచ్చి వదిలేసిన సైకిళ్ళు అన్నీ ఇళ్ళ ముందు గడ్డి మీదికి చేరతాయి. బ్రిస్బేన్ శివార్లలోని ఈ స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కి వచ్చిన కొత్తలో ఇది చూసి నేను నోరెళ్ళబెట్టాను. బంగారంలాంటి టేబుళ్ళు పారేస్తున్నారని మా ఆయన దగ్గర తెగ వాపోయాను. ఇప్పుడు నేనూ పారేస్తున్నాను. నిన్న పొద్దున నడకకి బయల్దేరి, పక్కింటి ముందుకొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. గడ్డి మీద చిన్న తెల్ల ఫ్రిజ్ ఒకటి ఉంది. నడుం ఎత్తు కూడా ఉండదు. దాని పక్కగోడకి వేలు పట్టేంత చిల్లు, చిల్లు చుట్టూ నల్ల టేపు. ఆ చిల్లు పెట్టిన రోజు టార్చి పట్టుకుని నిలబడింది నేనే.

ఆ ఫ్రిజ్ తాలూకు మనిషి పోయి రెండు వేసవులు గడిచాయి. ఇల్లు అద్దెకిచ్చారు. అద్దెకున్నవాళ్ళు గరాజ్ సర్దుకుంటూ దాన్ని బయట పెట్టినట్టున్నారు. వాళ్ళని అనడానికేం లేదు. ఎవరికైనా అది పాడైపోయిన ఫ్రిజ్జే.

ఆయన పేరు రాయను. మేమంతా బాబాయ్ గారనే వాళ్ళం. మొదటిసారి అలవాటు కొద్దీ 'అంకుల్' అన్నాను. "అంకులంటే బస్సులో లేచి సీటివ్వాల్సినవాడిలా ఉంటుందండి. బాబాయ్ అనండి" అన్నారు. ఆయనది గోదావరి జిల్లా, మాది వరంగల్. మా వైపు తమకంటే చిన్నవాళ్ళని పట్టుకుని ఎవరూ 'అండి' అనరు. ఆయన అందరినీ అనేవారు. ఉత్తరాలు వేసే కుర్రాణ్ణి అనేవారు, చెత్తబుట్ట ఎక్కి కెలికే బ్రష్ టర్కీ అనే ఇక్కడి అడవికోడిని కూడా "దిగండి, బావుండదు" అనేవారు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం, దొరికాక అక్కడికి తనే పెట్టుకోనట్టు నన్ను అనుమానంగా చూడడం ఆయనకి రోజూ ఉండే పని.

మేం ఈ ఇంట్లో దిగిన రెండో వారం అనుకుంటాను. చలికాలం. నేను బట్టలారేస్తుంటే ఆయన కంచె అవతల నిలబడి, ముఖం దిగాలుగా పెట్టుకుని, "మా ఆవిడ నెల రోజుల్నుంచీ ఏమీ ముట్టట్లేదండి" అన్నారు. ఒక మూలకి చేరి పడుకుంటున్నారట. పలకరిస్తే తల పక్కకి తిప్పేసుకుంటున్నారట. డాక్టరుకి చూపించారా అని అడిగాను. చూపించాను, చలికాలంలో ఇది మామూలే కంగారు పడొద్దన్నాడు అన్నారు. నాకు ఆ డాక్టరు మీద ఒళ్ళు మండింది. కొత్త దేశంలో, ఒంటరితనంతో తిండి మానేసిన ఆడమనిషిని పట్టుకుని మామూలే అంటాడా అనుకున్నాను. వెంటనే మిరియాల చారు పెట్టి, అన్నం మెత్తగా వండి, క్యారియర్ సర్దుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన తలుపు తీశారు. క్యారియర్ వైపు చూశారు, నా వైపు చూశారు. వెనక గదిలోకి తీసుకెళ్ళారు. గోడ పొడుగునా ఒక గాజు పెట్టె ఉంది. దాని మీద వేలితో రెండుసార్లు తట్టి, "ఏవండీ, మీకోసం భోజనం తెచ్చారు" అన్నారు. నా మణికట్టు కంటే లావుగా, గోధుమ రంగు మీద పసుపు మచ్చలతో ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. కార్పెట్ పైథాన్, ఇక్కడి కొండచిలువ. క్యారియర్ ఎక్కడ పెట్టానో, మా ఇంటికి ఎలా వచ్చి పడ్డానో నాకు తెలీదు.

సాయంత్రం ఆయన క్యారియర్ కడిగి, అందులో పెరటి నిమ్మకాయలు వేసి తెచ్చిచ్చారు. చారన్నం తనే తిన్నారట, చాలా బావుందట. గుమ్మంలోనే నిలబడి చెప్పారు. "పిల్ల వాళ్ళమ్మ పోయి కొన్నేళ్ళయిందండి. 'మా ఆవిడ' అన్న మాట నోటికి అలవాటైపోయింది. ఎవరో ఒకరి మీద వాడకపోతే ఎలాగండి?" నిమ్మకాయలు తీసుకున్నాను.

ఆ పాము నిజానికి వాళ్ళమ్మాయిది. హైస్కూల్లో ఉండగా మొండికేసి, లైసెన్సు తీయించుకుని మరీ తెచ్చుకుందట. బొమ్మ పాముని చూసినా హడలిపోయే ఆయన ఆరు నెలలు ఆ గదిలో అడుగు పెట్టలేదట. వాళ్ళావిడ మాత్రం నాగులచవితికి గాజు పెట్టె ముందే గిన్నెలో పాలు పోసి దండం పెట్టుకునేదట. ఈ దేశంలో పుట్ట ఎక్కడ వెతుక్కుంటాం, దేవుడే ఇంటికొచ్చాడు అనేదట. తర్వాత ఆ అమ్మాయి చదువుకని అడిలైడ్ వెళ్ళింది. పాము ఈయన పాలపడింది. భయం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలీదు. తలుపు కొట్టకుండా ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళకూడదని, ఎప్పుడు పెట్టె తెరిచినా రెండుసార్లు తట్టేవారు. ఆవిడ భోజనం, అంటే గడ్డకట్టిన ఎలుకలు, ఫ్రీజర్లో మునక్కాయ ముక్కల పక్కనే ఉండేవి. కరివేపాకు అప్పడగబోయి ఆ ఫ్రీజరు నేనే తెరిచాను. ఆ వారమంతా మా ఇంట్లో కరివేపాకు లేని కూరలే.

అమ్మాయి గురించి ఆయన వరుసగా ఎప్పుడూ చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పారు. వాళ్ళమ్మకి జబ్బు ముదిరిన సమయానికి ఈ అమ్మాయికి అక్కడ పరీక్షలు. మన ఇళ్ళలో ఏం చేస్తారో ఈయనా అదే చేశారు. పరీక్షలయ్యాక చెబుదాం అనుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ నిద్రపోతోంది అన్నారు. ఆఖరి పేపరు రాసి బయటికొచ్చిన రోజు చెప్పారు. ఆ అమ్మాయి విమానం దిగేసరికి తల్లి లేదు. కర్మలయ్యేదాకా ఉండి, వెళ్ళిపోయింది. అడిలైడ్‌లోనే, మాసన్ లేక్స్‌లో ఉద్యోగం చూసుకుంది. తర్వాత పండక్కి ఒక మెసేజ్, పుట్టినరోజుకి ఒక మెసేజ్. పోట్లాట కూడా లేదు, అదే ఆయనకి ఎక్కువ బాధ. "చెప్పుంటే ఒక పేపరు పోయేదండి. చెప్పకపోబట్టి పిల్లే దూరమైపోయింది" అన్నారు ఒకసారి, స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతూ.

మరుసటి చలికాలానికి ఆయనకో ఆలోచన వచ్చింది. ఆవిడకి సంబంధం చూడాలి. ఇప్స్విచ్‌లో పాములు పెంచే తెల్లాయన ఒకరి దగ్గర మగది ఉందని ఎక్కడో చదివారు. అది మొదలు కంచె దగ్గర రోజూ పెళ్ళికబుర్లే. "అబ్బాయిది ఇప్స్విచ్చండి. ఒడ్డూ పొడుగూ బావున్నాడు. అత్తగారి పోరు లేదు." పెట్టెలో పెట్టుకుని కారు వెనక సీట్లో తీసుకెళ్ళారు. సీటు బెల్టు కూడా పెట్టారు. కొన్నాళ్ళు అక్కడే ఉంచి, మళ్ళీ తీసుకొచ్చి, "ఇక నీళ్ళాడే రోజు కోసం చూడడమేనండి" అన్నారు. మీకు ఈ వయసులో ఇదంతా ఎందుకు బాబాయ్ గారూ అని నేను ఆటపట్టించాను.

"గుడ్లు పెడితే పిల్లకి ఫోను చేయొచ్చు కదండి" అన్నారు. "ఊరికే చేస్తే ఏం మాట్లాడాలో తెలీదు. గుడ్లుంటే దానికి తెలిసిన సంగతే కదా, అదే మాట్లాడుతుంది."

చలి పోయి, ఊదారంగు జకరండా పూలు రోడ్ల మీద రాలుతున్న రోజుల్లో ఆవిడ గుడ్లు పెట్టింది. డజనుకి పైనే ఉంటాయి, తెల్లగా, తోలుతిత్తుల్లా. ఆవిడ వాటిని చుట్టుకుని కూర్చుంది. ఈయన ఫొటో తీసి పంపారు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి అమ్మాయే ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టి నాకూ వినిపించారు. ఆ అమ్మాయి ఎక్కువగా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, ఈయన అంతా తెలుగులోనే జవాబిస్తారు. ఇద్దరికీ ఇబ్బంది లేదు. తల్లి చుట్టుకుని కూర్చుంటే అన్నాళ్ళూ ఏమీ తినదు, చిక్కి శల్యమైపోతుంది, గుడ్లు తీసేసి ఇంక్యుబేటర్‌లో పెట్టమని చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆయన ముఖం చూడాలి. "రేపు మళ్ళీ చేస్తానందండి. ఇంక్యుబేటర్ ఏది కొన్నానో చెప్పాలట."

ఆ మర్నాడు పెంపుడు జంతువుల దుకాణానికి నన్ను తోడు తీసుకెళ్ళారు. షాపులో పిల్ల రెండు మూడు రకాలు చూపించింది. ఒకటి మైక్రోవేవ్‌లా ఉంది, ఇంకొకటి థర్మోకోల్ పెట్టె. బాబాయ్ గారు ప్రతిదాని తలుపూ తీసి, చెయ్యి లోపల పెట్టి, ముక్కు కూడా పెట్టి చూశారు. "వీటిల్లో ఇల్లు వాసన రాదండి" అని బయటికొచ్చేశారు. ఆ సాయంత్రం ఫోన్‌లో ఆ అమ్మాయి నవ్వడం విన్నాను. కొనక్కర్లేదు నాన్నా, పాత ఫ్రిజ్ ఉంటే చాలు అంది. ఫ్రిజ్ చల్లదనాన్ని ఎలా ఆపుతుందో వెచ్చదనాన్నీ అలాగే ఆపుతుందట. కరెంటు పోయినా చాలాసేపు వేడి నిలుస్తుందట.

పాత ఫ్రిజ్ ఒకటుంది. గరాజ్ మూలన, వాళ్ళావిడ ఊరగాయల ఫ్రిజ్. ఆమె పోయాక ఆయన దాన్ని తెరవలేదు. కరెంటు కూడా తియ్యలేదు. తెరిచేసరికి లోపల చివరి ఆవకాయ జాడీ ఒకటుంది, గుడ్డ కట్టి ఉంది. ఆయన జాడీని రెండు చేతులా ఎత్తుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఎక్కడ పెట్టాలో తెలీక, దేవుడి మందిరం పక్కన పెట్టారు. తర్వాత సోడాపొడి వేసి ఫ్రిజ్ మూడుసార్లు కడిగారు. మూడుసార్లూ నన్ను పిలిచి వాసన చూడమన్నారు. ఇంగువ, మెంతులు అలాగే ఉన్నాయి. పోదు బాబాయ్ గారూ అన్నాను. "పాముకి ముక్కు ఉండదటండి, నాలుకతో చూస్తుందట. పరవాలేదేమో" అన్నారు. పోనందుకు ఆయన సంతోషించినట్టే అనిపించింది.

పక్కగోడకి డ్రిల్లుతో చిల్లు పెట్టారు. లోపలికి వేడి తీగ, వేడి హెచ్చుతగ్గులు చూసుకునే థర్మోస్టాట్. అడుగున నీళ్ళ సీసాలు, వేడి పట్టి ఉంచడానికి. పైన ప్లాస్టిక్ డబ్బాలో తడి వర్మిక్యులైట్, మన దగ్గర మొక్కల కుండీల్లో వేస్తారే, ఆ పొట్టులాంటి మట్టి. ప్రతి మెట్టుకీ అడిలైడ్‌కి ఒక ఫోను. ముప్ఫై ఒకటి దాటకూడదు నాన్నా. తడి ఎక్కువైతే బూజు పడుతుంది నాన్నా. ఒక్కరోజులో అయ్యే పనిని ఆయన వారం లాగారు. థర్మోస్టాట్ తీగ సరిగ్గా పెట్టి కూడా, మళ్ళీ ఊడదీసి, ఇది ఎక్కడ పెట్టాలమ్మా అని అడగడం నేను కళ్ళారా చూశాను. అన్నీ అయ్యాక డబ్బా మూలన ఒక ఇనుప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టారు. వాళ్ళ నాయనమ్మ కోడిని పొదగేసినప్పుడు గంపలో పెట్టేదట, ఉరుములకి గుడ్లు మురగకుండా. మా వైపూ పెట్టేవాళ్ళు. బ్రిస్బేన్ వేసవి ఉరుములు ఎలా ఉంటాయో తెలిసినదాన్ని కాబట్టి నేను నవ్వలేదు.

గుడ్లు తీసిన రోజు ఆవిడ పెట్టె మీద తట్టి, "క్షమించండి, మీ మంచికే" అని చెప్పి మరీ తీశారు. గుడ్లు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అమ్మాయి చెప్పినట్టు మెల్లగా విడదీశారు. ఒక జంట మాత్రం రాలేదు. బలవంతం చేయొద్దు, అలాగే ఉంచు అంది. ఆ తర్వాత ఇంకొక మాట అంది. ప్రతి గుడ్డు మీదా, పై వైపున, పెన్సిల్‌తో గీత పెట్టు నాన్నా.

ఆయన ముఖం వెలిగిపోయింది. "పెట్టాను పెట్టాను, ఇది నాకు తెలుసమ్మా" అన్నారు. నిజంగానే ఆయనకి తెలుసు. నాయనమ్మ గుడ్ల మీద బొగ్గుతో గీత పెట్టేది. గీత పొద్దున పైకుంటే సాయంత్రం కిందికి తిప్పేది. కోడి ముక్కుతో తిప్పుకుంటుంది, కోడి లేచిపోతే మనం తిప్పాలి. లేకపోతే పిల్ల ఒక పక్కకి అతుక్కుపోతుంది. గీత ఎందుకో ఆ అమ్మాయి చెప్పలేదు, ఈయన అడగలేదు. తెలిసిన సంగతే కదా అనుకున్నారు ఇద్దరూ.

అలా పొద్దునా సాయంత్రం, చేతులు కడుక్కుని, ఫ్రిజ్ తలుపు మీద రెండుసార్లు తట్టి, ఒక్కొక్క గుడ్డునీ రెండు వేళ్ళతో తిప్పేవారు. అంటుకున్న జంటని తిప్పడం కుదరక అలాగే వదిలేసేవారు. "ఈ వయసులో గుడ్లు పొదుగుతున్నానండి, ఎవరికైనా చెప్తే నవ్వుతారు" అనేవారు. ఆ రోజుల్లో ఆయన ఈల వేస్తూ పెరట్లో తిరగడం నాకు వినపడేది. నేనాయన్ని ఎప్పుడు తలుచుకున్నా ముందు ఆ ఈలే గుర్తొస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను గరాజ్‌లో ఉండగా ఫోను వచ్చింది. గుడ్లు ఎలా ఉన్నాయంది. కొన్ని కాస్త పచ్చబడ్డాయమ్మా అన్నారు. "దట్స్ ఓకే నాన్నా. మార్క్స్ పైనే ఉన్నంతసేపు దే విల్ బి ఫైన్. జస్ట్ నెవర్ టర్న్ దెమ్" అంది. ఆయన చేతిలో గుడ్డుంది. "ఆయ్, పైనే ఉన్నాయమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాక నన్ను ఇంటర్నెట్‌లో చూడమన్నారు. చూసి చదివాను. పాము గుడ్డు కోడిగుడ్డు కాదు. లోపల పిల్ల పైభాగానికి అంటుకుని ఊపిరి తీసుకుంటుంది, తిప్పితే మునిగిపోతుంది. ఆయన బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుండిపోయారు. ఇక దేన్నీ తిప్పకుండా, దేన్నీ ముట్టుకోకుండా చాలాసేపు ఫ్రిజ్ తలుపు అలాగే తెరిచి ఉంచారు. వేడంతా పోతోందని నేనే మూశాను.

అమ్మాయికి చెప్పెయ్యండి అన్నాను. "చెప్తానండి. ఈ వారం దానికి ఆఫీసులో పెద్ద పనేదో ఉందట. అదయ్యాక చెప్తాను" అన్నారు. నాకు చుర్రుమంది. నోరు ఊరుకోలేదు, "బాబాయ్ గారూ, ఇది మళ్ళా ఆ పరీక్షల కథే" అన్నాను. ఆయన నెత్తిన ఉన్న కళ్ళజోడు కోసం చుట్టూ వెతకడం మొదలుపెట్టారు.

ఒక్కొక్కటే బూజు పట్టింది. ఒక్కొక్కటే పెరట్లో నిమ్మచెట్టు కింద పాతిపెట్టారు. అయినా ఫోన్లు ఆగలేదు. ఫొటో పంపమంటే మొదటి వారం తీసిన ఫొటోలే పంపారు. అబద్ధం చెప్పలేదండి, పాత ఫొటో పెట్టాను అంతే, అన్నారు నాతో. ఆయన భయం నాకు అర్థమవుతూనే ఉంది. గుడ్లు పోయాయని తెలిస్తే ఫోను పోతుంది. డిసెంబర్ ఆఖర్లో ఆ అమ్మాయి, గుడ్లు సొట్టలు పడ్డాయా అని అడిగింది. పుట్టబోయే ముందు సొట్ట పడతాయట. పడ్డాయి అన్నారు. అయితే నేనొస్తున్నా, టికెట్ బుక్ చేసుకున్నా అంది.

ఆమె వచ్చిన రోజు నన్నూ రమ్మన్నారు. ఒంటరిగా నిలబడలేక పిలిచారని తర్వాత తెలిసింది. పొడుగ్గా ఉంది, నడకంతా తండ్రిదే. నాకు హాయ్ ఆంటీ అని చెప్పి నేరుగా గరాజ్‌లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసింది. వెచ్చటి తడిగాలి బయటికొచ్చింది, ఇంగువా మెంతులూ కలిసి. ఆ అమ్మాయి తలుపు పట్టుకుని అలాగే కళ్ళు మూసుకుంది.

"ఇది అమ్మ ఫ్రిడ్జ్" అంది, తెలుగులో.

"ఆయ్. ఎంత కడిగినా పోలేదమ్మా" అన్నారాయన. ఒక్క నిమిషం ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళలా నిలబడ్డారు. ఆ నిమిషం ఇంకొంచెం ఉంటే బావుండేది. ఆమె డబ్బా మూత తీసింది. అంటుకున్న జంట, పచ్చగా నలిగిన గుడ్లు రెండో మూడో, ఒక మేకు, ఒక బొగ్గుముక్క. మిగతావి ఏవని అడిగింది. ఆయన మొత్తం చెప్పారు. నాయనమ్మ గంప, పెన్సిల్ గీత, నిమ్మచెట్టు, ఏదీ దాచలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగింది. నెలైందన్నారు. మరి ఎందుకు చెప్పలేదంది.

"చెప్తే నువ్వు రావేమోనని."

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "గుడ్లు తిప్పినందుకు కాదు నాన్నా. ఐ డోంట్ కేర్ అబౌట్ ద ఎగ్స్. అమ్మప్పుడు కూడా ఇదే చేశావ్" అంది. మర్నాడు పొద్దున విమానానికే వెళ్ళిపోయింది. ఆ జంట కూడా పోయినట్టేనని, ఆశ పెట్టుకోవద్దని చెప్పి వెళ్ళిందట.

ఆమె వెళ్ళిన వారానికి ఆయన మా తలుపు కొట్టారు. "రండి రండి, పురుడొచ్చిందండి." తిప్పడం కుదరని ఆ రెండు గుడ్లూ చిట్లాయి. ఒకదాన్లోంచి గోరంత తల బయటికొచ్చి మమ్మల్ని చూస్తోంది. పాములంటే నాకు ఇప్పటికీ పడదు, కానీ ఆ రోజు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఆయన ఫొటో తీసి పంపారు. సాయంత్రానికి జవాబొచ్చింది. ఇది ఇంటర్నెట్‌లో ఫొటోనా అని, ఒకే ఒక్క వాక్యం ఇంగ్లీషులో. ఆయన ఫోను నాకు చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "మనం చేసుకున్నదే కదండి" అన్నారు. నేను మాట్లాడతాను, నంబరివ్వండి అన్నాను. ఇవ్వలేదు. అదంతట అది రావాలి, వచ్చినప్పుడు చూపిస్తాను, ఇవెక్కడికీ పోవు కదా అన్నారు.

పోయింది ఆయనే. ఇక్కడి నడివేసవి, జనవరి ఎండలో గడ్డి కోస్తూ పోస్టుబాక్సు దగ్గర కూలబడ్డారు. మా ఆయన అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. నేను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడేం అంటారో నాకు తెలుసనుకున్నాను, పిల్లకి చెప్పొద్దండి కంగారు పడుతుంది అంటారని. ఆయన జేబులోంచి ఫోను తీసి నా చేతిలో కుక్కారు.

"పిల్లకి చేసెయ్యండి. ముందు దానికే. ఇప్పుడే."

చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అంబులెన్సులో చేశాను, ఆసుపత్రి వరండాలో చేశాను. నాన్న పేరు చూసి ఆ అమ్మాయి ఫోన్ బోర్లించి మీటింగ్‌లో కూర్చుందని తర్వాత తెలిసింది. పక్కింటి ఆంటీని అంటూ నేను పెట్టిన మెసేజ్ చూసి, దొరికిన విమానం పట్టుకుంది. ఆమె దిగేలోపే ఆయన వెళ్ళిపోయారు. తల్లికీ ఆలస్యమే, తండ్రికీ ఆలస్యమే. ఇప్పటికీ నాకు గుండె కలుక్కుమనేది అక్కడే. ఆ మనిషి ఆఖరికి నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడని చెబుదామంటే ఫోను ఎత్తేవాళ్ళు లేకపోయారు.

మర్నాడు వాళ్ళ వంటింట్లో ఆ అమ్మాయి నన్ను అడిగింది. "ఆంటీ, నాకు చెప్పొద్దని అన్నారు కదా? ఈసారి కూడా?" ఆ కళ్ళలో ఏముందో నాకు తెలిసింది. అవునంటే ఆమెకి కోపం మిగులుతుంది, కోపం పట్టుకుని ఎలాగో నిలబడుతుంది. నిజం చెబితే ఆ మోగిన ఫోన్లన్నీ ఆమె మీద పడతాయి. మంచికే దాస్తాం అన్న మాట ఎంత తేలిగ్గా నోట్లోకి వస్తుందో నాకు అప్పుడు తెలిసొచ్చింది. అయినా చెప్పాను. "లేదమ్మా. ముందు నీకే చెయ్యమన్నరు. ఇప్పుడే అన్నరు. ఇంకెవరి మాటా అనలేదు."

ఆమె లేచి గరాజ్‌లోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. ఫ్రిజ్ పక్కన బల్ల మీద మూతకి గాలిచిల్లులు పెట్టిన రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. ఆ అమ్మాయి ఒకదాని మీద వేలితో రెండుసార్లు తట్టి మూత తీసింది. లోపల గాజంత చుట్ట చుట్టుకుని చిన్నది పడుకుని ఉంది. రెండోదీ తీసింది.

"దే వర్ రియల్" అంది నా వైపు తిరిగి. "ఆంటీ, ఆ ఫొటో... దే వర్ రియల్." తర్వాత ఆ పెయింటు డబ్బా మీద కూర్చుంది.

కాగితాలన్నీ పూర్తిచేసుకుని తల్లినీ పిల్లల్నీ మూడింటినీ అడిలైడ్ తీసుకెళ్ళింది. ఆవకాయ జాడీని కూడా చీరలో చుట్టుకుని తీసుకెళ్ళింది. ఎప్పుడైనా ఫోను చేస్తుంది. ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, నేను తెలుగులో చెప్తాను.

నిన్న ఆ గడ్డి మీద నిలబడి ఆమెకి ఫోన్ చేశాను. ఫ్రిజ్ బయట పెట్టారమ్మా, లారీ వస్తే పోతుంది, కావాలంటే మా గరాజ్‌లో పెట్టిస్తాను అన్నాను.

"ఆంటీ," అంది, "ఈజ్ ద స్మెల్ స్టిల్ దేర్?"

వీధిలో కుక్కని తిప్పుకుంటున్న ఒకాయన నన్నే చూస్తున్నాడు. నేను తలుపు మీద రెండుసార్లు తట్టి, తీసి, లోపలికి తల పెట్టి గట్టిగా పీల్చాను. దుమ్ము. తుప్పు. ఎక్కడో తడి ప్లాస్టిక్. ఇంకోసారి పీల్చాను. వస్తోందమ్మా అని ఒక్క మాట అంటే ఆ పిల్ల ఎంత సంతోషించేదో నాకు తెలుసు.

"లేదమ్మా. పోయింది" అన్నాను.

"సరే ఆంటీ" అంది, తెలుగులో. "చెప్పారు కదా, చాలు."